బొగ్గు పక్కన బొగ్గు

పోయిన నెల ఒక ఆదివారం చిక్కబళ్ళాపురంలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. దాని కూతురు హర్షిత తయారైన కంప్యూటరు కొననని, భాగాలన్నీ విడివిడిగా తెప్పించుకొని తానే కూర్చుకుంటానని పట్టుబట్టింది. అన్నీ వచ్చాయి. తక్కిన పనంతా చేసుకొని, పవర్ సప్లై నుంచి వచ్చే కేబుళ్ళ దగ్గర మాత్రం ఆగి నాకు ఫోన్ చేసింది. "పెద్దమ్మా, నువ్వేం చేయొద్దు. నేను పెట్టేటప్పుడు పక్కన కూర్చోని ఉండు, చాలు" అన్నది. పాలిటెక్నిక్‌లో ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు ఈ పనే నేర్పి మొన్నమొన్ననే రిటైరై ఇంటిపట్టున ఉంటున్నదాన్ని. పక్కన కూర్చోవడం నాకు బాగా అలవాటైన పని.

హాల్లో చాప పరిచి, కొత్త పెట్టె విప్పి, కేబుళ్ళు ఒక్కొక్కటే తీసి వరుసగా పెట్టింది. వాటిని చూడగానే నా నోట్లోంచి, "రంగులేవే?" అని వచ్చేసింది. అన్నీ నలుపే. మదర్‌బోర్డుకు పోయే లావుపాటి ఇరవైనాలుగు పిన్నులది నలుపు, ప్రాసెసరుకు పోయే ఎనిమిది పిన్నులది నలుపు, డిస్కుకు పోయే సన్నటిదీ నలుపే. "రంగులెందుకు పెద్దమ్మా? దేని మూతి దానికే పడుతుంది. తిప్పి పెడితే దూరనే దూరదు" అని నవ్వి, టక్కుమనేదాకా ఒక్కొక్కటే నొక్కుతూ పోయింది. ప్రాసెసరు కేబులు ఒకటి మరిచిపోయింది. నేను చూశాను గాని చెప్పలేదు. స్విచ్చి వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర మీద మాత్రం బొమ్మ రాలేదు. కాసేపు తల గోక్కొని, వెతికి, తానే కనుక్కొని అదీ పెట్టింది. బొమ్మ వచ్చింది. మా చెల్లెలు కాఫీ తెచ్చి చేతికిచ్చింది. నేను ఆ నల్లటి కేబుళ్ళను చూస్తూ మనసులో చింతామణిలో మా సీనప్ప మామ ఇంటికి వెళ్ళిపోయాను.

మా ఊరు బట్లహళ్ళి దగ్గర. వ్యవసాయ కుటుంబం. డిగ్రీ చదవడానికి చింతామణిలో మా అమ్మ తమ్ముడు సీనప్ప మామ ఇంట్లో ఉన్నాను. చదువు అయిపోయాక కూడా అక్కడే ఉండి మామ దగ్గర పని నేర్చుకుంటానంటే, మా నాయన చాలాసేపు మీసం నిమురుకొని, "ఒక ఏడాది చూద్దాం" అన్నాడు. ఆ మాటలో సగం అనుమతి, సగం హెచ్చరిక ఉన్నాయని నాకు తెలుసు. మామ కొడుకులిద్దరూ బెంగళూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటుండేవాళ్ళు. ఇంట్లో మామ, అత్త, నేను ముగ్గురమే.

ఆ ఇంటి ముందరి గదే మామ రేడియోలు బాగుచేసే అంగడి. దానికీ వంటింటికీ మధ్య గోడ లేదు, పాత చీరతో కుట్టిన తెర ఒకటి ఉండేది. ఉదయం తొమ్మిదింటికంతా రత్నమ్మత్త రాగిసంగటి కెలికి, ముద్దలు చేసి, గిన్నె మీద మూత పెట్టేది. ఉడికిన రాగిపిండి వాసన తెర దాటి ముందు గదిలోకి వచ్చే వేళకు, అక్కడ మామ సోల్డరింగు కడ్డీ వేడి చేసి ఉండేవాడు. కరిగే సీసం ఘాటు తెర దాటి వంటింట్లోకి పోయేది. ఈ రెండు వాసనలూ కలిసిన గాలే నాకు ఆ ఇల్లు. ఇప్పటికీ ల్యాబులో ఎవరైనా సోల్డరింగు చేస్తే నాకు ఆకలి వేస్తుంది. వంట అయ్యాక అత్త చేటలో అనపకాయలో, పితికిపప్పుకు నానబెట్టిన గింజలో వేసుకొని తెర పక్కన చిన్న ముక్కాలిపీట మీద కూర్చునేది. అంగడిలోకి వచ్చినవాళ్ళకు ఆమె కనిపించదు, తెరకు ఆనుకొని ఉన్న మామ బల్ల మాత్రం సందులోంచి ఆమెకు కనిపిస్తుంది. గొంతు మాత్రం వినిపిస్తుంది. "బెల్లం... బొగ్గు... కుంకుమ" అంటుంది. కాసేపటికి మళ్ళీ, "పసుపు... వంకాయ... కనకాంబరం." వచ్చినవాళ్ళు ఇంట్లోకి కావలసిన సరుకులు చెప్తోందని అనుకొని, "అమ్మ జాబితా పెద్దదే సీనప్పా" అని నవ్వేవాళ్ళు. మామ కూడా నవ్వి ఊరుకునేవాడు.

మామ గురించి నాకు మొదట్లో కొన్ని సంగతులు అర్థమయ్యేవి కావు. ఎప్పుడూ తెల్ల చొక్కాలే వేసేవాడు, పెళ్ళికైనా, అంగడికైనా. టమాటాలు పండే ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి, బండి దగ్గర నిలబడి టమాటాలు ఏరడం నేను ఎన్నడూ చూడలేదు. అత్త పురమాయిస్తే, "నువ్వే పో, నాకు బేరం రాదు" అనేవాడు. ఆయనకు అలాంటి పనులంటే నామోషీ కాబోలు అనుకున్నాను. ఒక మధ్యాహ్నం అంగడిలో ఎవరూ లేనప్పుడు అత్తను అడిగాను. "అత్తా, దినమూ బొగ్గు బొగ్గు అంటావు గదా, మనింట్లో బొగ్గుల పొయ్యి యాడుండాది?" ఆమె చేట పక్కన పెట్టి, నా చేయి పట్టుకొని ముందు గదిలోకి తీసుకుపోయి, మామ బల్ల మీదున్న గింజంత వస్తువును నా అరచేతిలో పెట్టింది. రెసిస్టరు. దాని ఒంటి మీద సన్నటి రంగు గీతలు.

"చదువు, ఏమేం గీతలుండాయి?"

"బ్రౌను, బ్లాకు, రెడ్డు."

"అదే. బెల్లం, బొగ్గు, కుంకుమ. మీ మామకు రంగులు తెలీవు పాపా. ఆ గీతల్ని బట్టే అది ఎంతదో తెలిసేది. నేను చెప్తాను, ఆయన చేస్తాడు."

మామ తల వంచుకొని రేడియో వెనక మూత స్క్రూలు తిప్పుతున్నాడు. స్క్రూలన్నీ బిగించి ఉన్నాయి, అయినా తిప్పుతూనే ఉన్నాడు. పెళ్ళయిన కొత్తలో ఒక రేడియో మూడుసార్లు కాలిపోతే, అత్త పక్కన కూర్చొని చూసి కనిపెట్టిందట. ఆమె చదివింది కన్నడ బడిలో నాలుగో తరగతి. రంగుల ఇంగ్లీషు పేర్లు రావు, అందుకని వంటింటి పేర్లు పెట్టుకుంది. బూడిద, సున్నం, ఆకు, నీలిమందు, పది రంగులకూ పది పేర్లు. ఎవరికీ తెలియకూడదన్నది మామ పెట్టిన ఒకే ఒక షరతు. "రంగులు తెలియని మెకానిక్కు దగ్గరికి ఎవరొస్తారు?" అన్నాడంట. ఆ తెర కుట్టింది అప్పుడే.

తరువాత రేడియోలు తగ్గిపోయాయి. మామ బెంగళూరుకు పోయి, కొన్ని వారాలుండి, కంప్యూటర్లు కూర్చడం నేర్చుకొని వచ్చాడు. ఆ కాలపు పవర్ సప్లైకి మదర్‌బోర్డు కోసం ఇప్పటిలా ఒకే లావు కేబులు ఉండేది కాదు. ఆరేసి తీగలున్న మూతులు రెండు ఉండేవి. రెండూ ఒకే రకంగా ఉండేవి. ఒకదాని చోట ఇంకొకటి సుఖంగా దూరిపోయేది. సరిగ్గా పెడితే, రెండింటి నల్ల తీగలూ మధ్యలో పక్కపక్కన వస్తాయి. తారుమారైతే బోర్డు కాలుతుంది. ఎరుపు ఆయన కంటికి నలుపులాగే కనబడుతుందాయె, రెండో మూతిలో మూడు ఎర్ర తీగలూ ఉంటాయి. మామ ఆ రెండు మూతులనూ చేతిలో పట్టుకొని అత్త ముందు కూర్చున్నాడు. ఆమె వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో కష్టమేముండాది? బొగ్గు పక్కన బొగ్గు. అంతే గదా" అన్నది. ఆ తరువాత నేను పెట్టినా, మామ పెట్టినా, ఆ మాట నోటితో అనాల్సిందే. అనకుండా పెడితే అత్త తెర వెనకనుంచే, "వినపడలే" అనేది. మనసులో అనుకుంటే చాలదు, మనసు వేరే పని మీద ఉంటాది అని ఆమె నమ్మకం.

బాగేపల్లిలో గంగాధరప్ప అని ఒక ప్రెస్సు యజమాని ఉండేవాడు. పెళ్ళి పత్రికలు కన్నడంలోనూ తెలుగులోనూ సీసం అక్షరాలతో కూర్చి అచ్చు వేసేవాడు. కంప్యూటరు పెట్టుకోవాలని మామకు చెప్పాడు. మామ, నేను భాగాలన్నీ గోనెసంచీలో గుడ్డలు చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకొని తీసుకుపోయాము. ప్రెస్సులో మాకోసం పెద్ద బల్ల కడిగి పెట్టారు. పక్క అంగళ్ళవాళ్ళు, హైస్కూలు మేష్టర్లు ఇద్దరు, ఇంకా ఎవరెవరో చుట్టూ నిలబడ్డారు. ఆడపిల్ల స్క్రూడ్రైవరు పట్టుకొని కూర్చుంటే చూడడానికి ఆ రోజుల్లో జనం ఆగేవాళ్ళు. మేష్టర్లలో ఒకాయన ఇంగ్లీషులో ప్రశ్నలడిగితే నేను ఇంగ్లీషులోనే జవాబులు చెప్తూ పని చేస్తున్నాను. పవర్ కేబుళ్ళు చేతికొచ్చాయి. అంతమంది చదువుకున్నవాళ్ళ ముందు "బొగ్గు పక్కన బొగ్గు" అనడానికి నాకు సిగ్గు వేసింది. మామ రహస్యం బయటపడుతుందని అనలేదని తరువాత నాకు నేను చెప్పుకోబోయాను గాని, అది నిజం కాదు. వంటింటి మాట నా నోట వినిపిస్తే నేను తక్కువైపోతానని. మాట అనలేదు, చూడనూ లేదు. మాట్లాడుతూనే రెండు మూతులూ నొక్కేశాను. స్విచ్చి వేశాను.

చిటపటమని చిన్న శబ్దం. తరువాత పొగ. కాలిన ప్లాస్టిక్ కంపు. నల్ల తీగలు రెండు చివర్లా ఉన్నాయి, మధ్యలో ఎరుపు, నారింజ. చూడగానే నాకు అర్థమైంది.

"అయిపోయ!" అని గంగాధరప్ప తల పట్టుకున్నాడు. "బెంగళూరు నుంచి తెప్పిస్తిమి, ఒక్క నిమిషంలో కాల్చేస్తిరి గదప్పా! ఇట్లాంటి పని ఎవరన్నా ఆడపిల్ల చేత చేయిస్తారా? నేను ముందే అనుకుంటి."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఆ మాట సాయంత్రానికి బాగేపల్లి దాటి, చింతామణి దాటి, బట్లహళ్ళిలో మా నాయన చెవిన పడుతుందని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. మామ లేచి నిలబడ్డాడు.

"పాపను ఏమీ అనొద్దు గంగాధరప్పా. తప్పు నాది. ఏది యాడ పెట్టాలో చెప్పింది నేను, నేను చెప్పినట్లే పెట్టె."

"నీకు తెలీదా ఏది యాడ పెట్టాలో?"

"తెలీదు. నాకు రంగులు కనపడవు. ఎరుపూ నలుపూ నా కంటికి ఒకటే. పుట్టినప్పటి నుంచీ అంతే."

వెనక గదిలో అచ్చుయంత్రం ఒక్కటే చప్పుడు చేస్తోంది.

"ఏమి చెప్తాండావప్పా?" అన్నాడు గంగాధరప్ప. గొంతు తగ్గింది. "ముప్పై ఏండ్లుగా రేడియోలు బాగు చేస్తాండావు గదా?"

"చేసేది నేను, చెప్పేది మా ఇంటామె. తెర వెనక కూర్చోని ఆమె రంగు చెప్తాది, నేను తీగ పెడతాను. ఇన్ని దినాలు ఎవరికీ చెప్పలే. చెప్తే అంగడికి ఎవరొస్తారని భయం."

నేను నోరు తెరిచాను. మామ నా భుజం మీద చేయి వేసి కొంచెం గట్టిగా నొక్కాడు. నేను నోరు మూసుకున్నాను. ఆ నోరు మూసుకోవడం చాలా కాలం నన్ను బాధించింది. గంగాధరప్ప మామను పైనుంచి కిందిదాకా, అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. తరువాత, "భోజనం చేసినారా?" అని అడిగాడు. ఇంట్లోకి తీసుకుపోయి ముద్ద, ఉలవచారు పెట్టించాడు. మేము బయలుదేరేటప్పుడు, "వచ్చే తూరి ఆమెను కూడా పిల్చుకొని రాప్పా" అన్నాడు.

చింతామణికి వచ్చాక అత్త ముందు ఏడ్చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె అనపకాయలు ఒలుస్తూనే విన్నది.

"బొగ్గు అనేకి సిగ్గయ్యెనా?"

తల ఊపాను.

"నాకూ అయ్యేది, మొదట్లో. తెర అవతల ఎవరన్నా పెద్దమనుషులు కూర్చోనుంటే గొంతు పెగిలేది కాదు." చేట విదిలించి తొక్కలు తీసేసింది. "మీ మామ నీకోసమే అట్ల చెప్పినాడని అనుకోవద్దు. ఆ మాట చెప్పేకి ఆయన ఎన్నేండ్లుగానో ఒక తావు వెతుకుతాండాడు. నీ పుణ్యాన దొరికె. లేసి మొగం కడుక్కో పో."

మరునాడు ఆమె ముక్కాలిపీట తెర ఇవతలికి వచ్చింది. చేటతో సహా బల్ల పక్కనే కూర్చొని, వచ్చినవాళ్ళ ముఖం చూస్తూనే "బెల్లం, బొగ్గు" అన్నది. ఒకరిద్దరు రావడం మానేశారు, లేదనను. ఆ మాట కూడా చెప్పాలి. తక్కినవాళ్ళు వస్తూనే ఉన్నారు. మామ బెంగళూరుకు పోయి ఇంకో బోర్డు తెచ్చాడు. ఈసారి ముగ్గురమూ బాగేపల్లికి వెళ్ళాము. రత్నమ్మత్త పెళ్ళికి పోయినట్టు పట్టుచీర కట్టుకొని వచ్చింది. ఆ మేష్టర్లే, ఆ జనమే. ఆమె బల్ల మీదికి వంగి, పలక మీద అక్షరాలు దిద్దించే టీచరమ్మ గొంతుతో, "బొగ్గు పక్కన బొగ్గు. పాపా, నువ్వూ అను" అన్నది. నేను అన్నాను, అందరికీ వినపడేలా. పెట్టాను. స్విచ్చి వేశాము. కంప్యూటరు తెర వెలిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు, అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది.

వాళ్ళు కాఫీలు తాగుతుంటే నేను గంగాధరప్ప దగ్గరికి పోయి, "ఆ దినం మా మామ ఏమీ చెప్పలేదు సార్. నేనే చూసుకోకుండా పెట్టినాను" అన్నాను.

"నాకు తెలుసు పాపా" అన్నాడాయన, చేతులకంటిన సిరా గుడ్డతో తుడుచుకుంటూ. "నేను అక్షరాలు కూర్చేవాణ్ణి, చేతులు చూస్తా. నువ్వు పెట్టేటప్పుడు మీ మామ నోరే విప్పలే."

"మరి ఎందుకు ఊరకుంటిరి?"

"ఒక మనిషి ఇన్నేండ్లు దాచిపెట్టుకొన్న మాట నడి అంగట్లో తెచ్చి పెట్టె. అట్లాంటప్పుడు నేను సాక్ష్యం అడగాల్నా?"

ఆయనే నా చేతికి కాఫీ లోటా ఇచ్చాడు. ఆ తరువాత మా నాయన పెట్టిన ఏడాది గడువు ఎవరికీ గుర్తు రాలేదు. కొన్నేళ్ళకు పాలిటెక్నిక్‌లో ఉద్యోగం వచ్చింది. నా దగ్గర చదువుకున్న పిల్లలు బోర్డులు కాల్చారు, డిస్కులు కింద పడేశారు. ఎవరి మీదా గొంతు పెంచలేదని చెప్పను గాని, పెంచబోయిన ప్రతిసారీ నా భుజం మీద మామ చేయి బరువు తెలిసేది.

మామ పోయి ఆరేళ్ళయింది. ఆ ఆదివారం చిక్కబళ్ళాపురం నుంచే అత్తకు ఫోన్ చేసి, "ఇప్పుడు కేబుళ్ళన్నీ నలుపే అత్తా, తప్పు పెడదామన్నా పడవు" అని చెప్పాను. "మంచిదేలే. మీ మామ ఒక్కడే చేసుకొని ఉండును" అన్నది. మళ్ళీ తానే, "కానీ అట్లయితే రేడియో కడుపులో ఏముంటాదో నాకు తెలిసేదే కాదు గదా" అన్నది. ఇప్పటి కాలం మంచిది కాదని నేను అనలేను. హర్షిత తప్పు చేస్తే పొగ రాదు, ఎవరి బతుకూ గడువు మీద వేలాడదు, ఆడపిల్ల అన్న మాట ఎవరి నోటా రాదు. ఇది ఇలాగే ఉండాలి. నా తప్పును మోయడానికి అప్పట్లో ముగ్గురు మనుషులు ముందుకొచ్చారు. ఒకరికొకరు చెప్పుకోకుండానే వచ్చారు. ఇన్నేళ్ళ తరువాత కూడా నాకది అరుదుగా దొరికిన భాగ్యమనే అనిపిస్తుంది.

ముగ్గురమూ వెళ్ళిన ఆ రోజు బాగేపల్లి నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సు నిండా జనం. మామ కిటికీ పక్కన, మధ్యలో అత్త, ఈ చివర నేను. ఎండ ఇంకా వాలలేదు. దారికి రెండు పక్కలా పూలతోటలు. మామ చాలాసేపు బయటికి చూస్తూ కూర్చొని, ఉన్నట్టుండి, మామూలు గొంతుతో, నలుగురికీ వినపడేలా అడిగాడు.

"ఆ పూలు ఏం రంగు?"

అత్త ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. ముప్పై ఏళ్ళ కాపురంలో తీగల గురించి తప్ప ఆయన ఏ రంగూ అడగలేదని తరువాత ఆమే నాకు చెప్పింది. వంగి కిటికీలోంచి చూసి, "పసుపు. సేవంతులు" అన్నది.

"వాటి పక్కనుండేవి?"

"అవి కనకాంబరాలు. రంగు పేరూ అదే."

"ఆ బండి?"

"ఆకుపచ్చ."

"ఆ పాప గౌను?"

"ఎరుపు."

ఊరు తరువాత ఊరు వస్తూ పోతూ ఉంది. ఆయన అడుగుతూనే ఉన్నాడు, ఇంటి గోడలు, చీరలు, గుడి గోపురం, దారిలో ఎదురైన ఆవుదూడ. ముందు సీట్లవాళ్ళు తిరిగి చూడడం మొదలుపెట్టారు. చివరికి అత్త కొంగుతో మెడ తుడుచుకొని, "ఇంగ చాలు, గొంతెండిపోయ" అని వెనక్కి వాలింది. మామ ఇంకా కిటికీ వైపే చూస్తున్నాడు. అప్పుడు ముందు సీట్లో, ఒళ్ళో కూరగాయల గంప పెట్టుకొని కూర్చున్న ముసలామె ఇటు తిరిగి చేయి చాపింది.

"అదో, ఆ పక్క చూడప్పా" అన్నది. "అవి తెల్ల సేవంతులు."